ఖాళీ గంపతో సంతకొచ్చిన అసిరమ్మ

కోడమ్మా కోడమ్మా, గంప దిగి రావమ్మా,
నూకలు చల్లాను, నీ పిల్లల్ని పిలవమ్మా...

ఆ పైన గద్ద మాటేదో ఉండేది. నా చిన్నప్పుడు సంత రోజున పాడుకునేవాళ్ళం. ఎంత తలుచుకున్నా ఇప్పుడు నోటికి రావడం లేదు. పోనీలెండి పిల్లలూ, పాట పోయినా కథ మిగిలింది.

బస్సులు ఇంకా మా వైపు తొంగిచూడని కాలాన, ఏటి ఒడ్డున ఒక సంత జరిగేది. ఆ సంతలో అసిరమ్మ అనే ఆవిడ నాటుకోళ్ళు అమ్ముకుని బతికేది. ఆమెకి పొలమూ లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా ఒక వెదురు గంప, ఉప్పు కొట్టు పక్కన ఆ గంప పట్టేంత జాగా. ఆ సంతకొక కట్టుబాటు ఉండేది. ఒక్క వారం మనిషి రాకపోయినా ఆ జాగా ఇంకొకరిది.

ఒక ఎండాకాలం సంతలో ఆమె గంపలోని పెట్ట ఒకటి తల వేలాడేసింది. చినతల్లి అనే ఇల్లాలు సరిగ్గా దాన్నే బేరమాడింది.

"ఇది వద్దు వదినా" అంది అసిరమ్మ.

"ఏం, కాస్త కునుకుతోంది, అంతేగా?"

"కునుకు కాదు, తెగులు. మీ దొడ్లో కోళ్ళకి అంటుకుంటుంది. ఈ గంపలో దేన్నీ కొనకు."

పక్కన కోళ్ళమ్మే గౌరయ్య నవ్వాడు. "పొద్దున్నే లేచొచ్చింది, నిద్ర తీరలేదని చెప్పలేవేంటే? నావీ కునుకుతున్నాయి. ఎలా అమ్ముతానో చూడు."

అమ్మాడు కూడా.

అసిరమ్మ గంపెత్తుకుని ఇంటికి పోయింది. కోళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. గొయ్యి తీసి పాతింది. గంపకి సున్నం కొట్టి ఎండలో పడేసింది.

మరుసటి సంతకి ఆ ఖాళీ గంపతోనే వచ్చి తన జాగాలో కూర్చుంది.

"ఏం అమ్ముతున్నావే, గాలా?" అన్నాడు గౌరయ్య.

"కుంచం తెచ్చుకో బావా, కొలిచి పోస్తాను."

అడిగినవాళ్ళకి మాత్రం ఒకటే మాట చెప్పేది. "తెగులింకా పోలేదు. ఇప్పుడు కోడి కొనకండి."

రెండో సంతకీ అంతే. ఆ పూట ఉప్పు కొట్టు ముసలమ్మ పోసిన గంజే ఆమెకి భోజనం. గౌరయ్య ఇక నవ్వలేదు. అతని కోళ్ళు కొన్నవాళ్ళ దొడ్లు బోసిపోయాయి. ఎంత తీయగా పిలిచినా అతని దగ్గర ఎవరూ ఆగలేదు.

మూడో సంత నాటికి తెగులు తగ్గింది, అసిరమ్మ ఒంట్లో ఓపికా తగ్గింది. ఆ రోజూ గంప నిండకపోతే జాగా వదిలి కూలికి వలసపోవాల్సిందే.

ఎండ నడినెత్తికొచ్చాక చినతల్లి వచ్చింది. ఒక ఎర్రపెట్టని, దాని పిల్లల్ని గంపలో దించింది.

"మా దొడ్లో ఒక్క కోడీ చావలేదు వదినా. వీటిని పాలుకి పెంచు. ఎదిగాక సగం నీవి, సగం నావి."

అసిరమ్మ పిల్లల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కళ్ళు చూసి, రెక్క కింద చూసి, మళ్ళీ దించింది.

ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు ఒకరి వెంట ఒకరు తమ పెట్టల్ని ఆమెకే పాలుకిచ్చారు. ఆమె కోళ్ళకి ఒక గంప చాలలేదు.

కాపురానికి వెళ్ళేముందు, నేనూ కోళ్ళే అమ్ముకుంటానని చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్ళాను. వ్యాపారంలో కిటుకేదైనా చెబుతుందేమోనని నిలబడ్డాను.

"కొన్నవాళ్ళు వచ్చే సంతకి మళ్ళీ వస్తారమ్మా" అంది. "వాళ్ళ మొహంలోకి చూడగలిగేలా అమ్ముకో."