కప్పు మీద చెరువుమట్టి

సాయంత్రం నాలుగైంది. పొద్దుటి నుంచి పట్టిన ముసురు ఇంకా విడవలేదు.

"మొక్కల దగ్గర మీకింత పిసినారితనం ఎందుకండీ?" అని కామాక్షి అడిగింది.

అడిగింది తన గురువు అచ్యుతాంబగారిని. కాకినాడ చుట్టుపక్కల ఎవరు కప్పు మీద పచ్చదనం పరచాలన్నా ఆవిడ దగ్గరికే వస్తారు. ఇటుక ముక్కలు, కొబ్బరిపొట్టు, కొద్దిగా కంపోస్టు కలిపి బెత్తెడు మందాన పరిపిస్తారు. అందులో గడ్డిగులాబీ, రణపాల తప్ప మరొకటి నాటనివ్వరు. కారణం అడిగితే మాత్రం ఓ పట్టాన చెప్పరు.

కామాక్షి ఆ పని నేర్చుకుని, కూతురు స్వరూప కుట్టుమిషన్లు నడిపే పాత షెడ్డు స్లాబు మీద అలాగే చేసింది. ఎండల్లో కింద చల్లగానే ఉంది. కానీ ముడుచుకుపోయిన ఆ మొక్కల్ని చూసినప్పుడల్లా, అన్నం పెట్టకుండా బడికి పంపిన పిల్లలు గుర్తొచ్చేవారు. ఆవిడకి చెప్పకుండా చెరువుమట్టి తెప్పించింది. పశువుల ఎరువు కలిపి మోకాలి ఎత్తున పోయించింది. మందారాలు నాటింది. అవి విరగబూశాయని చూపించడానికే ఇవాళ ఆవిడని పిలిచింది.

కప్పెక్కిన అచ్యుతాంబగారు పూలకేసి చూడలేదు. వంగి మట్టిలో చెయ్యి పెట్టారు. మణికట్టు దాకా దిగిపోయింది. నీళ్లు పోవాల్సిన తూము బంకమట్టితో పూడిపోయి ఉంది. వాననీళ్లన్నీ తాగి మట్టి బరువెక్కింది.

"కింద ఎవరున్నారు?"

"స్వరూపా, కుట్టేవాళ్లూ. ఏమండీ?"

"బయటికి రమ్మను. ముందు నువ్వు దిగు, నీ వెనకే వస్తున్నా."

కామాక్షి దిగుతూనే కేకేసింది. వెనకే అచ్యుతాంబగారూ దిగారు. లోపల మిషన్లు ఆగాయి.

"వానలో నిలబెడతావా పిన్నీ? పెళ్లివారి జాకెట్లు తడిస్తే నువ్వు తొడుక్కెళ్తావా?" అంది కుట్టుపనికొచ్చే మంగతాయారు.

"నీ కాళ్లు మొక్కుతాను, రా తల్లీ."

ఆ గొంతు విన్నాక ఇంకెవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే బయటికొచ్చారు. స్వరూప మాత్రం కరెంటు కట్టేసి వస్తానని వెనక్కి తిరిగింది. పైన ఏదో ఫెళ్లుమంది. మంగతాయారు లోపలికురికి, స్వరూప జబ్బ పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చింది. వాళ్లు గుమ్మం దాటారో లేదో, నడిమి కప్పు విరిగి బురదా మందారాలూ కలిసి మిషన్ల మీద పడ్డాయి.

కామాక్షి వానలో నిలబడి లెక్కపెట్టింది. మంగతాయారు. పద్మావతి. బుల్లెమ్మ. స్వరూప. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"అందరం వచ్చేశామే అమ్మా," అంది స్వరూప.

అయినా కామాక్షి పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి అచ్యుతాంబగారి వైపు తిరిగింది.

"మొక్కలు కడుపునిండా తినాలనే మట్టి పోశానండీ."

"నాకు తెలుసమ్మా," అన్నారావిడ. "కప్పుకే తెలీలేదు."