నడుం తాడు

పరదేశయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు, చెప్పులు వెతుక్కునేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినా అంతే, అన్నదమ్ముల పొలం గట్టు తగాదా ఎలా తీర్చాలని అడిగినా అంతే. "పద, చూద్దాం" అంటూ లేచేవారు. కొత్తగా వచ్చిన శిష్యులు ఈయన ప్రశ్న దాటవేస్తున్నాడనుకునేవారు. కొన్నాళ్ళు ఆయన వెంట తిరిగినవాళ్ళకు మాత్రం, ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే చాలు, గుండె వేగంగా కొట్టుకునేది. ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

మా తోటి శిష్యుల్లో గోవర్ధనం శెట్టి అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. మంచివాడే. గుడ్డ కొలిచేటప్పుడు బెత్తెడు ఎక్కువే వదిలేవాడు, చెయ్యి చాచిన బీదవాణ్ణి ఉత్తచేతులతో పంపేవాడు కాడు. ఉన్నది ఒకటే జబ్బు. తాను న్యాయంగా నడిచే మనిషినన్న సంగతి ఆయనకు కాస్త బాగా తెలుసు. అందువల్ల ఊళ్ళో అందరి న్యాయమూ తన గజంబద్దతోనే కొలవాలని చూసేవాడు.

ఒక ఎండాకాలం ఉదయం ఆయన ముఖం కందగడ్డలా చేసుకొని మా చావిడిలోకి వచ్చాడు. గురువుగారికి దణ్ణం పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"స్వామీ, మన ఇంటి పని చేసేవాడు కూలి పెంచాడనుకోండి. అది న్యాయమో దురాశో తేల్చుకునేది ఎట్లా?"

సంగతి ఏమిటంటే, ఆయన ఇంటి బావి పూడిపోయింది. చేదకు నీళ్ళకన్నా బురదే ఎక్కువ వస్తోంది. ఏటా వానలకు ముందు యలమంద అనే అతను దిగి పూడిక తీసేవాడు. అంతకు ముందు అతని తండ్రి తీసేవాడు. ఈ ఏడు యలమంద పాత కూలికి ఇంకో సగం కలిపి అడిగాడు. అంతటితో పోతే గోవర్ధనం ఊరుకునేవాడేమో. కాని మొన్ననే అదే వీధిలో ఇడ్లీలు అమ్ముకునే తిరుపాలమ్మ ఇంట్లో యలమంద పాత కూలికే దిగి పని చేసి వెళ్ళాడు.

"ముసలమ్మకు ఒక ధర, నాకొక ధర! బావి లోతు ఒకటే, లోపలి రాయి ఒకటే, దిగే మనిషి ఒకడే. మరి తేడా ఎక్కడుంది స్వామీ? నా వేలికి ఉంగరం ఉందనేగా? న్యాయమని మీరంటే ఈ క్షణం ఇచ్చేస్తాను. కాదంటే మాత్రం బజారు వీధిలో ఒక్క గడప కూడా వాణ్ణి పిలవకుండా చేస్తాను."

అది ఉత్త బెదిరింపు కాదు. బజారు వీధిలో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు, ఊళ్ళో బావులన్నీ దాదాపు ఆ వీధిలోవే. గోవర్ధనం ఒక్క మాట అంటే యలమంద పెళ్ళాం బిడ్డల్ని వెంటబెట్టుకొని వేరే ఊరు చూసుకోవలసిందే. ఒక కుటుంబం తిండి ఆ ఉదయం మా గురువుగారి నోటి మాట మీద ఆగి ఉందని మా అందరికీ అర్థమైంది. గురువుగారు చెప్పులు వెతుక్కున్నారు.

ఇక్కడ మా మెట్ట ఊళ్ళ బావుల గురించి కాస్త చెప్పాలి. అవి రాయి తొలిచి దింపిన బావులు. గట్టు మీద నుంచి తొంగిచూస్తే అడుగు కనపడదు, చల్లటి ఆవిరి ముఖానికి కొడుతుంది. పూడిక తీయడానికి దిగినప్పుడు రెండు తాళ్ళు వాడతారు. గిలక మీద నుంచి పోయే మోకు బురద గంపలకు. రెండోది దిగేవాడి నడుముకు కట్టే తాడు. అది గట్టు మీద నాటిన రాతి స్తంభానికి ఒక చుట్టు తిరిగి ఒక మనిషి చేతిలోకి వస్తుంది. లోపలివాడు మెల్లగా లాగితే తాడు వదలాలి, గట్టిగా గుంజితే బిగబట్టి పైకి లాగాలి. గంపల మోకు ఎవరు లాగినా ఒకటే. నడుం తాడు కొస మాత్రం ఆ ఇంటి యజమాని చేతిలోనే ఉండాలని పెద్దలు పెట్టారు. రానురాను యజమానులకు అదొక తంతు అయిపోయింది. తాడుకు పసుపూ కుంకుమా పెట్టి, కళ్ళకద్దుకొని, పాలేరు చేతికో గుమాస్తా చేతికో ఇచ్చి తమ పని చూసుకునేవారు. గోవర్ధనం కూడా అంతే. కొబ్బరికాయ కొట్టడంలో మాత్రం ఏనాడూ లోటు చేయలేదు.

మేము వెళ్ళేసరికి యలమంద తన మనుషులతో బావి దగ్గరే గొంతుక్కూర్చొని ఉన్నాడు, పిలుస్తారో పొమ్మంటారో తెలియక. బక్కపలచటి మనిషి, జబ్బలు మాత్రం గట్టివి. గురువుగారు అతని ఎదురుగా బట్టలుతికే బండ మీద కూర్చున్నారు.

"యలమందా, ఈ ఇంటికి ఎక్కువ అడిగావట. ఎందుకు నాయనా?"

యలమంద తల గోక్కున్నాడు. దుకాణం వైపు తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తాను ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఈ బావంటే నాకు బయం సామీ. ఆ బయానికి అడిగినా."

"తిరుపాలమ్మ బావంటే భయం లేదా?"

"లేదు సామీ."

"విన్నారా స్వామీ!" అన్నాడు గోవర్ధనం. "ఒకే లోతుకు ఇక్కడ భయమట, అక్కడ ధైర్యమట."

"కూలి సంగతి అతను పైకొచ్చాక మాట్లాడదాం. ఈ పూట నడుం తాడు నువ్వు పట్టుకో" అన్నారు గురువుగారు.

"నేనా?"

"చేతులున్నాయిగా."

యలమంద లేచి గోవర్ధనాన్ని ఎగాదిగా చూశాడు. తాడు నడుముకు కట్టుకొని, ముడి రెండుసార్లు లాగి చూసుకొని, బావికి దణ్ణం పెట్టి, గోడలో తొలిచిన గూళ్ళలో కాళ్ళు మోపుతూ దిగిపోయాడు. తల చీకట్లో కలిసిపోయింది. ఆ తరువాత అతను ఉన్నాడనడానికి పైనున్న మాకు ఆ తాడొక్కటే ఆధారం.

మొదట్లో గోవర్ధనం తాడును దుకాణంలో దారం ఉండ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక కన్ను వీధి వైపే. కాసేపటికి గంపలు రావడం మొదలైంది, కింద గునపం పడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు ఆయన ముఖంలో ఏదో మారింది. రెండో చెయ్యి కూడా తాడు మీద వేశాడు. ఇంకాసేపటికి చెప్పులు విడిచి, కాలు స్తంభానికి తన్నిపెట్టి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే.

"ఏమైంది శెట్టిగారూ?" అని అడిగాను.

"మాట్లాడకు" అన్నాడు. కొంతసేపటికి తనే, గుడిలో మాట్లాడినంత మెల్లగా అన్నాడు: "గునపం పడ్డప్పుడల్లా నా చేతికి తెలుస్తోంది. అలసిపోయి ఆగితే అదీ తెలుస్తోంది. ఆగినప్పుడే భయమేస్తోందయ్యా."

నేను కూడా తాడు మీద ఒక వేలు ఆనించాను. అప్పుడు తెలిసింది రాయడానికి నాకిప్పటికీ తగిన భాష దొరకదు. నా వేలి కింద ఒక మనిషి ఉన్నాడు. కనపడడు, వినపడడు, కాని వంగుతున్నాడు, లేస్తున్నాడు, చెమట తుడుచుకుంటున్నాడు, మళ్ళీ వంగుతున్నాడు. ఒక ప్రాణం మొత్తం కొబ్బరి పీచు తాడులోంచి వచ్చి నా వేలి కొసను తాకుతోంది. ఇన్నేళ్ళు విన్న బోధలో ఎన్నడూ కలగని ఆశ్చర్యం నాకు ఆ గట్టు మీద కలిగింది, కళ్ళు చెమర్చాయి. భయం వేసి వేలు తీసేశాను. గోవర్ధనానికి ఆ వీలు లేదు.

ఇంతలో గుమాస్తా పరుగున వచ్చాడు. పొరుగూరి నుంచి పెళ్ళి బట్టలకు బండి కట్టుకొని వచ్చారట, పట్టుచీరలు శెట్టిగారే చూపించాలంటున్నారట. గోవర్ధనం తల కూడా తిప్పకుండా "రేపు రమ్మను" అన్నాడు. పెళ్ళి బేరాన్ని రేపు రమ్మన్న శెట్టిని మా బజారు వీధి అంతకు ముందు చూడలేదు. గుమాస్తా నోరు తెరుచుకొని అక్కడే నిలబడిపోయాడు.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు బావిలోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు రాయి విరిగినట్టు, ఆ వెంటనే నేల లోపల ఎవరో నిట్టూర్చినట్టు. అప్పటిదాకా వస్తున్న బురద వాసన పోయి, తొలకరి నాటి మట్టివాసన పైకి లేచింది. అడుగు నుంచి యలమంద గొంతు వచ్చింది.

"జల పడిందయ్యో! జల పడింది!"

ఏ కాలం నుంచి ఆ రాతి కింద దాగి ఉన్న నీరో అది. గంపలు లాగేవాళ్ళు మోకు వదిలి చేతులెత్తి మొక్కారు. ఇంటి ఆడవాళ్ళు పరుగున వచ్చి గట్టుకు నమస్కరించారు. గురువుగారు కూడా బండ మీద నుంచి లేచి నిలబడ్డారు. ఎక్కడో పాతాళంలో నీళ్ళు గలగలమంటున్నాయి. మేమంతా ఒళ్ళు మరచి ఆ శబ్దం వింటున్నాం.

వినని వాడు గోవర్ధనం ఒక్కడే. "లాగండి!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ గొంతు ఆయనదంటే నమ్మలేకపోయాం. "గుంజాడు! గట్టిగా గుంజాడు! లాగండిరా!"

ఊట పక్క మట్టి జారి యలమంద కాళ్ళు మోకాళ్ళదాకా దిగబడ్డాయట, పైగా నీరు ఎక్కి వస్తోందట. అదంతా మాకు తరువాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, గోవర్ధనం స్తంభానికి కాలు తన్ని, నడుం వెనక్కి వాల్చి, తాడు ఒక్క అంగుళం కూడా జారనివ్వకుండా నిలబడ్డాడని. మేమంతా తాడు మీద పడ్డాం. అరచేతులు కాలిపోతున్నా ఆయన పట్టు సడలలేదు. నోటితో ఏదో గొణుగుతున్నాడు. దేవుడి పేరనుకొని చెవి పెట్టాను. "యలమందా, యలమందా" అంటున్నాడు.

నిలువెల్లా బురదతో యలమంద గట్టు మీద వచ్చి పడ్డాడు. కాసేపు రొప్పాడు. తరువాత పళ్ళు కనపడేలా నవ్వాడు. బతికిన మనిషి నవ్వు ఎంత వింతగా ఉంటుందో నేను అప్పుడే చూశాను. అతను లేచి కూర్చొని నడుముకున్న ముడి విప్పి తాడును పక్కన పడేశాడు. తిరుపాలమ్మ ఎప్పుడు వచ్చిందో, తన కొంగుతో అతని ముఖం తుడుస్తోంది.

గోవర్ధనం అన్నాడు: "నువ్వడిగినంతా ఇస్తాను యలమందా. దాని మీద ఇంకా ఇస్తాను."

"వద్దు శెట్టిగారా. పాత కూలే ఇయ్యండి."

"అదేమిటి? పొద్దున ఎక్కువ అడిగావుగా?"

యలమంద ముఖం మీది బురద చేత్తో తీసుకుంటూ అన్నాడు: "పోయినేడు ఇట్టాగే కాలు దిగబడింది. గుంజినా. తాడు పలకలా. మళ్ళా గుంజినా, పలకలా. కొస ఈ రాతికి కట్టేసి ఎవురో ఆడ్నించి ఎల్లిపోయినారు. ఎట్టనో గోడ పట్టుకోని ఎక్కొచ్చినా. ఈ అవ్వ ముసల్దేగాని, నేను దిగింది మొదులు ఎక్కొచ్చేదాకా తాడు ఇడిచిపెట్టదు. అందుకే ఆడ పాత కూలి. ఈడ పట్టుకునే చెయ్యి లేదని ఎక్కువ అడిగినా. ఇయ్యాల చెయ్యి ఉండాది గదా."

గుమాస్తా తలుపు చాటుకు తప్పుకున్నాడు.

"ఆ మాట నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు గోవర్ధనం.

"చెప్తే పంచాయితీ పెట్టి ఉందురు. తాడు పట్టుకొని ఉందురా?"

బావిలో నీళ్ళు ఎక్కి వస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. గోవర్ధనం గురువుగారి వైపు తిరిగాడు. ఎంతైనా న్యాయం తేల్చందే నిద్రపోని మనిషి.

"స్వామీ, అతను పొద్దున ఎక్కువ అడిగిందీ న్యాయమే అనిపిస్తోంది. ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకొని కూడా తక్కువ చాలంటున్నాడు, అంతే ఇస్తే నాకది అన్యాయమనిపిస్తోంది. ఇంతకూ సరైన ధర ఏది?"

గురువుగారు ఆయన చేతుల వైపు చూశారు. మేమూ చూశాం. తాడు రెండో కొస యలమంద విప్పి పడేసినచోటే బురదలో ఉంది. ఈ కొస మాత్రం ఇంకా గోవర్ధనం పిడికిళ్ళలోనే ఉంది, కణుపులు తెల్లబడేంత బిగువుగా.

"ముందు ఆ తాడు వదులు గోవర్ధనం" అన్నారు పరదేశయ్యగారు. "వదలగలిగితే, అప్పుడు అడుగు."