వెండిరంగు కింద కుట్లు

వకుళకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. రెక్క మీద కుట్లు కనబడడం లేదు.

దానియేలు మాస్టారి దగ్గర విమానాల నమూనాలు చెయ్యడం నేర్చుకుంటోంది ఆ పిల్ల. ఇన్నాళ్లూ రెక్కలు మాస్టారే చేసేవారు. ఈ మధ్య ఆయన చేతులకు వణుకొచ్చింది. "ఈసారి రెక్క నీదేనమ్మా" అనేసి ఊరుకున్నారు. అది కాస్తా చెడితే ఆ కార్ఖానాలో ఇక రెక్కలు చేసేవాళ్లు లేనట్టే. ఆ సంగతి ఆయన నోటితో అనలేదు గానీ, వకుళకు తెలుసు.

పాతకాలపు విమానాల రెక్కలకు గుడ్డ తొడిగేవారు. ఆ గుడ్డను లోపల పక్కటెముకల్లా ఉండే చెక్క ఎముకలకు మైనపు దారంతో కుట్టి, కుట్ల మీద సన్నటి పట్టీ అంటించి, రంగు వేసేవారు. చేతిలో ఇమిడే నమూనాలో దారానికి చోటెక్కడ? సూదిమొనతో తెల్లజిగురు చుక్కలు వరసగా పెట్టి, ఆరాక పైన పట్టీ, రంగు వెయ్యాలి. వకుళ ఊపిరి బిగబట్టి ఒక్కొక్క చుక్కా పెట్టింది. విమానం ముక్కున తిరిగే ఫ్యాను గాలి జోరుగా కొట్టే చోట, అంటే రెక్క మొదట్లో, అసలు విమానానికి కుట్లు దగ్గరగా వేస్తారని మాస్టారు చెప్తే, అక్కడ అలాగే దగ్గరగా పెట్టింది. తీరా వెండిరంగు పడేసరికి అన్నీ మునిగిపోయాయి.

ఈ నమూనా చేయించుకుంటున్న సదానందరావుగారు మర్నాడే వస్తారు. కుర్రతనంలో అలాంటి విమానం మీదే ఎగరడం నేర్చుకున్న పెద్దమనిషి. వచ్చి, "కుట్లేవమ్మా?" అంటే?

మాస్టారు ఇంటికి వెళ్లేదాకా ఆగి, రంగు మీద మళ్లీ చుక్కలు పెట్టింది. కాస్త లావుగానే పెట్టింది. భయపడ్డ చెయ్యి ఎప్పుడూ ఒక చుక్క ఎక్కువే వేస్తుంది మరి.

పొద్దున్నే మాస్టారు వచ్చి రెక్క చూశారు. తూర్పు కిటికీ తెరిచి, ఏటవాలు ఎండలో పెట్టారు. ప్రతి చుక్క పక్కనా నీడ పడింది.

"అమ్మవారు పోసినట్టుంది కదూ?" అన్నారు.

వకుళకు ఏడుపొచ్చింది. "కనబడవేమోనని భయమేసింది మాస్టారూ. ఆయనొచ్చే వేళయింది. ఇప్పుడెలా?"

మాస్టారు వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, ఆమె చేతికిచ్చారు. పై చుక్కలు మెత్తబడి ఒక్కొక్కటే ఊడొచ్చాయి. తుడుస్తున్నంతసేపూ రంగు కూడా లేచిపోతుందేమోనని ఆమె గుడ్డ తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది. రంగు లేవలేదు. కానీ రెక్క మళ్లీ బోసిగా మిగిలింది. ఆమె చెయ్యి జిగురు సీసా వైపు వెళ్లింది.

"పోనీ, చిన్నచిన్నవి..."

మాస్టారు సీసా అందుకుని, మూత బిగించి, జేబులో వేసుకున్నారు. ఆ వణికే చేతులతో మూత బిగించడానికి కాస్త సేపు పట్టింది.

సదానందరావుగారు రానే వచ్చారు. విమానాన్ని అటునించీ ఇటునించీ చూశారు. వకుళ గోడకు అంటుకుపోయింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. రెక్క చివర వేలు ఆనించి, ఒక్కో ఎముక వెంటా నిమురుతూ రెక్క మొదలు వైపు వచ్చారు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, అక్కడే ఆగింది.

"ఇక్కణ్ణించి కుట్లు దగ్గర పడ్డాయి" అన్నారు. విమానాన్ని ఒళ్లోకి తీసుకున్నారు.

ఆయన కారు సందు మలుపు తిరిగాక గానీ వకుళ గోడ వదల్లేదు. అయినా మనసు ఊరుకోదు కదా.

"ఆయన కంటికి మాత్రం కుట్లు కనబడలేదు కదా మాస్టారూ?"

మాస్టారు జేబులోంచి జిగురు సీసా తీసి ఆమె ముందు పెట్టారు.

"కనబడి ఉంటే, వేలు పెట్టి వెతికేవారా తల్లీ?"