తుమ్మెద గుమ్మపాలు

విరూపాక్షుడికి కొద్దిరోజులుగా అన్నం సయించడం లేదు. ఆశ్రమంలోని నల్లావు తుమ్మెద మళ్ళీ దగ్గుతోంది.

ఎర్రమల కొండల కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమాన్ని నడిపేది అక్కమాంబ. అందరూ అమ్మ అనే పిలుస్తారు. పశువుల పాక చూసుకునేది శిష్యుడు విరూపాక్షుడు. తెల్లవారగానే తుమ్మెద పొదుగు నుంచి తీసిన గుమ్మపాలు, కాచకుండా, నురగతోనే ముందు అమ్మకి ఇస్తాడు. తర్వాత వాకిట్లో గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఊరివాళ్ళకి పోస్తాడు.

వానాకాలంలో తుమ్మెద మొదటిసారి దగ్గినప్పుడు అతను చూడలేకపోయాడు. క్షయకి మందు వాడుతూ మధ్యలో మానేసిన భక్తుడొకరి దగ్గర మాత్రలు మిగిలి ఉంటే, అవీ దగ్గుకే కదా అని తెచ్చి బెల్లంలో పెట్టి తినిపించాడు. దగ్గు తగ్గింది. ఆపేశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేశాడు.

"విరూపాక్షుడి చెయ్యి పడితే గొడ్డు లేచి కూచుంటుంది" అన్నారు జనం. ఆ మాట అతనికి తియ్యగా ఉండేది.

ఆ ఉదయం పశువుల డాక్టరు హసీనా వచ్చింది. మూడురోజుల కిందట తుమ్మెద మెడకి పరీక్ష సూది వేసి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ వాపు తడిమి చూసి, మొహం దించుకుంది.

"క్షయే స్వామీ. దీన్ని వేరే కట్టెయ్యండి. పాలు ఎవరికీ పొయ్యొద్దు. దీనికి మందులేమైనా వేశారా?"

విరూపాక్షుడు తల అడ్డంగా ఊపాడు.

"మంచిపని చేశారు. చాలీచాలని మందు వేసి ఆపేస్తే మొండి క్రిములే మిగుల్తాయి. అవి పచ్చిపాలలోంచో, ఊపిరిలోంచో మనిషికి అంటుకున్నాయంటే, మనకిచ్చే మాత్రలకి కూడా లొంగకపోవచ్చు."

ఆమె వెళ్ళిపోయింది. విరూపాక్షుడు తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళి కూచున్నాడు.

"అమ్మా, తెలియక చేసిన మేలు పాపమవుతుందా?"

అమ్మ అతని మొహంలోకి చూసింది. "ఇవాళ నా గుమ్మపాలు ఇంకా రాలేదేం?"

అతను కదల్లేదు.

"తీసుకురా నాయనా."

వెళ్ళాడు. పొద్దున పితికిన పాలు చెంబులో ఉన్నాయి. గ్లాసులో పోసి తెచ్చాడు. అమ్మ చెయ్యి చాపింది. గ్లాసు మాత్రం అతని చేతిలోంచి కదల్లేదు.

"ఇటివ్వు."

"వద్దమ్మా!" అతను గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. పాలు ఒంటిమీద ఒలికాయి. "తాగకూడదు."

"నిన్న ఇచ్చావు కదా."

అప్పుడు చెప్పాడు. మాత్రలు, బెల్లం, డాక్టరుతో ఆడిన అబద్ధం, అన్నీ. ఏడుస్తూ చెప్పాడు. "దాని బాధ చూడలేక వేశానమ్మా."

"దాని దగ్గుకి వేశావా, నీ దిగులుకి వేశావా?"

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ పాలు ఎవరెవరు తాగారు?"

ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ వచ్చాడు. చాకలి ఓబులమ్మ పేరు దగ్గర ఆగిపోయాడు. తల్లిపాలు చాలని మనవరాలి కోసం ఆమె రోజూ గిన్నెతో వచ్చేది. ఆ పసిదానికి జ్వరం తగ్గడం లేదని నిన్ననే అంది.

అమ్మ లేచింది. కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుని చెప్పులు వేసుకుంది.

"ముందు డాక్టరమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పు. తర్వాత ఓబులమ్మ ఇంటికి. పెద్దాసుపత్రికి వెళ్దాం, అందరం."

"నేను వెళ్తానమ్మా. తప్పు నాది. మీరెందుకు?"

"నేనూ తాగాను కదా" అంది అమ్మ. "నీ పక్కన నేనుంటే వాళ్ళకి భయం తగ్గుతుంది. నీకు మాత్రం తగ్గకూడదు."

విరూపాక్షుడు ఫోన్ తీశాడు. అవతల డాక్టరు గొంతు వినబడింది. "డాక్టరమ్మా, పొద్దున మీకు అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టాడు. అమ్మ గడప దగ్గర నిలబడి, తొందర పెట్టకుండా ఎదురుచూసింది.