బసవశెట్టిది కాని సరుకు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పోలమ్మ.

బట్టల వర్తకుల సంఘానికి పెద్ద బసవశెట్టి. అతని బట్టలకు ఊరి బయట అద్దకపువాళ్ళు అద్దే రంగు వాగులో కలిసి, మా ఊరి గేదెలు నీలంగా మారి పాలివ్వడం మానేశాయి. రాజు నిలదీస్తే శెట్టి తొణకలేదు.

"ప్రభూ, కొట్టు గడప లోపలికొస్తేనే సరుకు నాది. అంతకుముందు ఎక్కడేం జరిగినా నాకు సంబంధం లేదు."

మర్నాడు గేదెల కాటమ్మ దారిలో శెట్టి బండి ఆపి, పట్టుబట్టలన్నీ గేదెలకు కట్టి దర్బారుకు తోలుకొచ్చింది.

"నా సరుకు దోచింది ప్రభూ" అని శెట్టి గుండెలు బాదుకున్నాడు.

"ఇంకా మీ గడప తొక్కలేదు కదా శెట్టిగారూ. మీకు సంబంధం లేనిదానికి ఏడుపెందుకు?" అంది కాటమ్మ.

"దారిలో ఉన్నా నాదేనే."

"అయితే రంగు తొట్టిలో ఉన్నా మీదే."

వాగు తేటపడేదాకా శెట్టి కొట్టు తెరవకూడదన్నాడు రాజు.

కాటమ్మ తమ మనిషని పక్కూరివాళ్ళు ఇప్పటికీ కోతలు కోస్తున్నారు. ఆమె మా ఊరిదే. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరైనా ఆ మాట దిద్దండి.