చెంబులో బావి

ఓబులేసుకు మబ్బు పట్టిందంటే భయం పట్టుకునేది. కరువు సీమలో పుట్టి మబ్బుకు భయపడే మనిషిని ఎక్కడైనా చూశారా? కానీ అతని బాధ అతనిది. ఊరి మంచినీళ్ళ బావి పూడిపోయింది. వాన కురిసి పక్కనున్న వంక పారకముందే పూడిక తీయకపోతే కొత్త ఒండ్రు చేరి ఊటకన్ను మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత తవ్వినా చుక్క రాదు.

పని చేయించే బాధ్యత ఊరి మఠంలో ఉండే గురువు పాలయ్య తాత అతనికే అప్పగించాడు. పూడిక తీసే కూలీలేమో, రేపు పొద్దున్నే బయానా చేతిలో పడకపోతే మరో ఊరికి పోతామని తేల్చి చెప్పారు.

ఓబులేసు లెక్కల్లో గట్టివాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. ఏ ఇల్లు ఎన్ని బిందెలు తోడుకునేదో కనుక్కుని, బిందెకింత అని కట్టి, గడపగడపకూ తిరిగాడు. ఎవరికీ అన్యాయం జరగని పద్ధతి. ఎవరూ పైసా ఇవ్వలేదు.

లచ్చుమక్క అయితే ఏకంగా చీపురు తీసింది.

"బిందెకింతనా? మా గడపకు పగోడొచ్చినా ముందు నీళ్ళిస్తాం. నీళ్ళకు వెల కట్టే మొగోడివా నువ్వు? పాపం తగుల్తాది, పో!"

ఓబులేసు మఠానికి వచ్చి తాత ముందు కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ.

"జాతరకు పొట్టేళ్ళు కోసిన ఊరే తాతా ఇది. బావికి మాత్రం చేయి రాలేదు. పొద్దున వాళ్ళు పోతే ఊరి గతేంది?"

"లచ్చుమక్క కోడలు నీళ్ళాడిందంట గదా?" అన్నాడు తాత.

"ఆఁ, మగబిడ్డంట. ఇప్పుడదెందుకు తాతా?"

తాత చెంబు తీసుకుని లేచాడు. బావిలోకి దిగి, అడుగున మిగిలిందాన్ని చేత్తో ఎత్తి చెంబు నింపాడు. నల్లటి బురద. దాన్ని పట్టుకుని నేరుగా లచ్చుమక్క ఇంటి దారి పట్టాడు.

పురిటింటికి బురద తీసుకుపోతే ఊరు ఊరుకుంటుందా? "వద్దు తాతా, అపశకునమంటారు" అని ఓబులేసు వెనకే పరుగెత్తాడు.

లచ్చుమక్క తాతను చూసి గబగబా చాప పరిచింది.

"కూచునేదానికి రాలేదమ్మా. కోడలికి గంగపూజ ఎప్పుడు?"

"ఈ శుక్రవారమే తాతా" అంది, ముఖమంతా సంబరంగా. ఆ ఊళ్ళో బాలింత బిడ్డనెత్తుకుని వచ్చి, బావికి పసుపూ కుంకుమా పెట్టి, తన చేత్తో ఒక చేద తోడితే గానీ పురుడు తీరినట్టు కాదు.

"అయితే ఆ పొద్దు చేదలో వచ్చేది ఇదేనమ్మా" అంటూ తాత చెంబును ఆమె ముందు పెట్టాడు.

లచ్చుమక్క వంగి చూసింది. వేళ్ళు ముంచింది. ఇంకా లోతుకు ముంచింది. లోపల బిడ్డ ఏడుస్తున్నాడు. చీపురు ఈసారి తాత మీదికి లేస్తుందని ఓబులేసు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె కొంగు బిగించి వీధిలోకి నడిచింది.

"ఏమే సుంకమ్మా! ఓ ఎల్లక్కా! మీ బిడ్డల్ని చూపించింది యే బావికే? రాండి, వచ్చి దాని బతుకు చూడండి!"

పొద్దు గూకేసరికి మఠం అరుగు మీద జొన్నలూ రూకలూ పోగుపడ్డాయి. పొట్టేలొకటి స్తంభానికి కట్టి ఉంది. పుట్టబోయే మునిమనవడి పేరున ఒక ముసలామె కోడిపుంజును వదిలిపోయింది. బిందెల లెక్కన వచ్చేదానికంటే ఎక్కువే వచ్చింది. ఓబులేసు బయానా తీసుకుని పరుగున పోయి ఇచ్చి వచ్చాడు. అప్పటికి గానీ అతనికి ఊపిరాడలేదు.

కానీ తన లెక్క ఎందుకు పారలేదోనన్న ముల్లు మనసులోంచి పోలేదు. తాత పక్కన కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"మళ్ళీ పూడినప్పుడు ఏమని అడగాల తాతా?"

"అడగొద్దు" అన్నాడు తాత. "ఏ ఇంట్లో ఉయ్యాల కట్టినారో కనుక్కో."