గుర్రం మోకాలు

మీరావలికి గుర్రమంటే హడల్. చిన్నప్పుడు వాళ్ళ మేనమామని ఒక గుర్రం తన్నింది. ఆ మనిషి మళ్ళీ లేవలేదు. అందుకే రహమతుల్లా బాబా దగ్గర శిష్యుడిగా చేరి ఏళ్ళు గడిచినా, బాబా ముసలి గుర్రానికి గడ్డి దూరం నుంచే విసిరేవాడు.

ఒక వానాకాలం వాళ్ళిద్దరూ గుర్రాన్ని నడిపించుకుంటూ కొండవాగు దాటుతున్నారు. నడివాగులో గుర్రం జారి పక్కకి పడిపోయింది. ఒక వెనకకాలు రెండు బండల సందున ఇరుక్కుంది. పైన కొండల్లో ఉరుములు. చూస్తుండగానే నీళ్ళు వరదమట్టితో ఎర్రబడుతున్నాయి.

బాబా నీళ్ళలోనే కూలబడి గుర్రం తలని ఒళ్ళోకి ఎత్తుకున్నాడు.

"కాలు విడిపించు నాయనా. నేను తల వదిలితే మునిగిపోతుంది."

మీరావలి వెనక్కి వెళ్ళి చూశాడు. సందులోంచి పైకి వచ్చిన కాలు సగంలో వెనక్కి వంగి ఉంది.

"మోకాలు వెనక్కి తిరిగిపోయింది బాబా! విరిగింది. ఇంక ఇది బతకదు. వరదొస్తోంది, రండి పోదాం!"

"రెండో కాలు ఎలా ఉంది?"

"అదీ అలాగే ఉంది."

"రెండూ విరిగాయా?"

మీరావలి రెండు కాళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

"ఇటు రా."

వచ్చాడు. బాబా ఒక చెయ్యి నీళ్ళలో ముంచి, శిష్యుడి పాదం వెనక ఎముకని గట్టిగా నొక్కాడు.

"ఇదేమిటి?"

"మడమ."

"నువ్వు మోకాలనుకున్నదీ మడమే."

"మరి మోకాలేది?"

"పొట్ట పక్కన. తడుముకో."

నీళ్ళు నడుం దాకా వచ్చాయి. మీరావలి కళ్ళు మూసుకుని గుర్రం తొడ మీద చెయ్యి వేశాడు. తడి చర్మం కింద, పొట్టకి ఆనుకుని, గుండ్రంగా ఎముక తగిలింది. తన మోకాలి చిప్పలాంటిదే. తనలాగే ముందుకి తిరిగి ఉంది.

వెనక్కి లాగబోయినవాడల్లా ఆగి, కాలిని పొట్టవైపు నెట్టాడు. మోకాలు ముడుచుకుంది. దాంతోపాటు మడమా ముడుచుకుంది. గిట్ట సందులోంచి ఊడి వచ్చింది.

గుర్రం ఒక్క ఉదుటున లేచింది. గిట్ట మీరావలి చెవి పక్కనుంచి రివ్వున పోయింది.

ముగ్గురూ గట్టెక్కేసరికి ఆ బండలు నీళ్ళలో కనబడకుండా పోయాయి. గుర్రం వణుకుతోంది. మీరావలి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అయితే ఈ గిట్ట దాని వేలి కొసా? ఎప్పుడూ మడమ ఎత్తి, దీని మీదే నిలబడుతుందా బాబా?"

"నిలబడటం నేర్చినప్పటి నుంచీ."

"ఎందుకలా?"

బాబా గడ్డంలోంచి నీళ్ళు పిండుకుంటూ అతని కాళ్ళవైపు చూశాడు.

"నీ మడమలు ఇంకా నేలకి ఆనలేదు. నువ్వే చెప్పు."

మీరావలి కిందికి చూసుకున్నాడు. భయంతో పరిగెత్తబోయేవాడిలా మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. తర్వాత మెల్లగా వెళ్ళి గుర్రం పక్కన నిలబడి, దాని మెడ మీద చెయ్యి వేశాడు.

ఇద్దరి వణుకూ వెంటనే తగ్గలేదు.